మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతుందని నడక మానేయాలా?

మీ ప్రశ్న ఇదీ: వయసు నలభై ఆరు, నెలసరి అటూ ఇటూ అవుతోంది, మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి, కూర్చుని లేస్తుంటే కటకటమని చప్పుడు, ఎక్స్‌రే చూసి "కొద్దిగా అరిగింది" అన్నారు, ఇంట్లోవాళ్ళేమో "ఉన్న గుజ్జునైనా కాపాడుకో, ఆ నడక మానెయ్" అంటున్నారు, మానేయాలా వద్దా అని.

మానకండి. మా అమ్మకి అచ్చంగా ఇదే సలహా ఇచ్చారు, దాదాపు ఇవే మాటల్లో ఇచ్చారు, అది చివరికి ఎక్కడ తేలిందో నేను దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

అందరి మనసులోనూ ఉన్న లెక్క ఏమిటంటే, మోకాలు కూడా టైరులాగే తిరిగినకొద్దీ అరుగుతుంది, ఎంత తక్కువ తిప్పితే అన్నాళ్ళు ఎక్కువ వస్తుంది అని. టైరుకి ప్రాణం లేదు, మోకాలికి ఉంది, తేడా అంతా అక్కడే. ఎముకల చివర తెల్లగా, నున్నగా పరుచుకుని ఉండే మృదులాస్థిలో, అంటే మనం గుజ్జు అనేదానిలో, రక్తనాళాలు ఉండవు, నరాలు కూడా ఉండవు. మరి దానికి తిండి ఎక్కడి నుంచి? కీలు చుట్టూ సంచిలా ఉండే పొర ఒకటి ఉంటుంది, దాని లోపలి వైపు నుంచి ఒక జిగట ద్రవం ఊరుతుంది, దాని నుంచే. మోకాలంత పెద్ద కీలులో కూడా ఆ ద్రవం మామూలుగా ఒక చెంచాడు ఉండదు. కాలు మోపితే బరువు పడి మృదులాస్థి నొక్కుకుంటుంది, లోపలి నీరు కొంత బయటికి వస్తుంది, కాలు ఎత్తగానే మళ్ళీ పీల్చుకుంటుంది. ఆ రాకపోకల్లోనే పోషకాలు లోపలికి, చెత్త బయటికి. అడుగు తీసి అడుగు వెయ్యకపోతే దానికి అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. చాలాసేపు కూర్చుని లేస్తే మోకాలు పట్టేసినట్టుండి, నాలుగడుగులు వేశాక దానంతటదే సర్దుకోవడం మీరూ గమనించే ఉంటారు.

పరుగెత్తేవాళ్ళ మోకాళ్ళు ముందు పోతాయని కూడా చాలామంది నమ్మకం. 2017లో బోలెడన్ని అధ్యయనాలు కలిపి లెక్కకట్టి చూస్తే, సరదాకి పరుగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి ఆర్థరైటిస్ 3.5 శాతం మందిలో ఉంది, పరుగు ఊసే లేకుండా కూర్చుని బతికేవాళ్ళలో 10.2 శాతం. పోటీల్లో పరుగెత్తే ఆటగాళ్ళలో మాత్రం 13.3 శాతం, కాబట్టి శక్తికి మించి ఒంటిని అరగదీస్తే నష్టమే. కానీ మిమ్మల్ని ఎవరూ పోటీలకి వెళ్ళమనడం లేదు కదా, నడవమంటున్నారు.

భారం పడదని నేను అనడం లేదు. చదునైన నేల మీద నడుస్తుంటేనే మోకాలి మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు పడుతుంది, మెట్లు దిగేటప్పుడు అంతకన్నా ఎక్కువ. అధిక బరువున్నవాళ్ళు ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపించారు. అయితే ఆ భారాన్ని మోకాలు ఒంటరిగా మోయదు, తొడ ముందు భాగంలో ఉన్న పెద్ద కండరం అందులో పెద్ద వాటా తీసుకుంటుంది. ఆ కండరం నీరసించిపోతే దెబ్బంతా నేరుగా కీలు మీదే. ఇక్కడే మా అమ్మ కథ మొదలవుతుంది.

అమ్మకి యాభైల చివర్లో మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఎక్స్‌రే తీసి "సందు తగ్గింది" అన్నారు. అసలు మృదులాస్థి ఎక్స్‌రేలో కనిపించదు, రెండు ఎముకల మధ్య ఉన్న ఖాళీని చూసి ఇంత మిగిలిందని అంచనా వేయడమే. ఫిల్ములో ఘోరంగా కనిపించేవాళ్ళు హాయిగా తిరిగేస్తుంటారు, ఫిల్ము శుభ్రంగా ఉన్నవాళ్ళు రాత్రంతా మూలుగుతుంటారు. ఆ ఒక్క మాట ఎవరైనా అమ్మకి చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "వదినా, నువ్వు కదలకు, కూర్చో" అనేవాళ్ళు. ప్రేమతోనే అన్నారు, కాదనను. ముందు సాయంత్రం నడక పోయింది, తర్వాత మేడ మెట్లెక్కడం పోయింది, తర్వాత కింద కూర్చోవడం పోయింది, చివరికి కుర్చీలోంచి లేవాలన్నా రెండు చేతులూ ఆనించి లేచే స్థితికి వచ్చింది. నొప్పి తగ్గిందా అంటే అదీ లేదు.

ఒకరోజు గుమ్మం దాటుతూ కాలు మడతపడింది, పడిపోతూ చెయ్యి చాచింది, మణికట్టు విరిగింది. మేడ మీది నుంచి పడలేదు, బండి గుద్దలేదు, నిలబడ్డ మనిషి మామూలు నేల మీద పడింది. ఇలా విరగడాన్ని ఏబ్రహం కాలిస్ అనే ఐరిష్ సర్జన్ 1814లోనే వర్ణించాడు, ఎక్స్‌రే పుట్టింది 1895లో, అంటే ఫిల్మన్నదే లేని కాలంలో. అంత పాత సంగతి, అంత మామూలు సంగతి. అయినా ఇది ఒట్టి చెయ్యి విరగడం కాదు, ఎముకలు గుల్లబారుతున్నాయేమో చూడండి అన్న మాట చూసిన చోట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. సరిచేసి కట్టు వేశారు, నొప్పికి మాత్రలిచ్చారు, ఇంటికి పంపారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే.

కట్టు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆ రంపం చప్పుడికి అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అది గిర్రున తిరిగే రంపం కాదు, అటూ ఇటూ అదురుతుంది, గట్టి కట్టుని కోస్తుంది కానీ మెత్తటి చర్మం దాంతోపాటే కదిలిపోతుంది కాబట్టి తెగదు. లోపలి నుంచి బయటపడ్డ చెయ్యి అమ్మదేనా అనిపించింది. చర్మం పొట్టు పొట్టుగా లేస్తోంది, ముంజెయ్యి సన్నబడిపోయింది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి, ఇరవై అయిదు ఉంటాయేమో, మోచెయ్యి నడుముకి ఆనించి పెట్టుకోమని, "అరచెయ్యి పైకి తిప్పండమ్మా" అన్నాడు. అమ్మ తిప్పింది, సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా సగం భుజం వంచి తిప్పబోతే "భుజం కాదమ్మా, చెయ్యి" అని ఆపేశాడు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి, అరచెయ్యి కిందికి తిప్పితే బొటనవేలి వైపు ఎముక రెండో దాన్ని అడ్డంగా దాటుతుంది, పైకి తిప్పితే రెండూ పక్కపక్కకి వస్తాయి. ఎముక చక్కగా అతుక్కుంది, ఆ తిరగడమే పోయింది. ఏ దెబ్బా తగలని మిగతా కీలంతా ఉత్త కదలిక లేకపోవడం వల్ల బిగుసుకుపోయింది. కట్టు తప్పదు, వేయాల్సిందే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ కట్టులో పెట్టినందుకు మణికట్టు కొన్ని వారాల్లో అలా అయితే, కుర్చీలో కూర్చోబెట్టిన మోకాళ్ళు ఏళ్ళ తరబడి ఎలా అవుతాయి?

ఆ అబ్బాయికి కూడా అదే అనుమానం వచ్చినట్టుంది. చేతి పని అయ్యాక అమ్మని బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోమన్నాడు, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టాడు, తన బొటనవేలు మోకాలి చిప్పకి కొంచెం పైన, లోపలి వైపు ఆనించి "ఈ తువ్వాల్ని కిందికి నొక్కండమ్మా" అన్నాడు. అమ్మ నొక్కుతున్నాననే అంటోంది, మొహం ఎర్రబడింది, పిరుదులు లేస్తున్నాయి, తొడ మాత్రం బిగుసుకోవడం లేదు. నా వేలు కూడా అక్కడ పెట్టించాడు. మెత్తగా ఉంది. అదే చోట నా కాలి మీద పెట్టుకుని చూస్తే రాయిలా తగిలింది. "అమ్మా, మీ మోకాలి కన్నా ముందు ఈ కండరం పోయింది, అందుకే మీరు పడ్డారు" అన్నాడు. మొత్తం విషయం ఒక్క వాక్యంలో చెప్పింది ఆ అబ్బాయే.

ఎముకల సాంద్రత పరీక్ష, అదే డెక్సా స్కాన్, మేమే అడిగి చేయించుకున్నాం. వెన్నులో టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 2.7 వచ్చింది. మైనస్ 1 కన్నా పైన ఉంటే మామూలు, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే పలచబడుతున్నట్టు, మైనస్ 2.5కి దిగిందంటే గుల్లబారినట్టే. అదే అమ్మకి రక్తంలో కాల్షియం పరీక్ష చేస్తే అంతా బాగుంది! ఇక్కడే చాలామంది మోసపోతారు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది, రక్తంలో ఉండే ఆ కాస్తా తగ్గకుండా శరీరం కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాస్తుంది, తగ్గితే గుండె, కండరాలు, నరాలు దెబ్బతింటాయి కాబట్టి. అవసరమైతే ఎముకల్లోంచి లాగి మరీ రక్తంలో పోస్తుంది. అందుకే రక్తపరీక్ష బాగుందంటే ఎముక బాగున్నట్టు కాదు.

ఎముక గురించి కూడా మనకున్నది అదే పాత ఊహ, గట్టిగా, కదలకుండా, ఒకసారి కట్టేసి వదిలేసింది అని. నిజానికి అది ఏ క్షణమూ ఖాళీగా ఉండదు. ఒక రకం కణాలు పాత ఎముకని తవ్వుతుంటాయి, ఇంకో రకం కొత్తది పూడుస్తుంటాయి, పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. ఎక్కడ గట్టిగా పూడ్చాలో వాటికి చెప్పేది మనం వేసే భారం. భారం ఎటు పడితే ఎముక అటు బలపడుతుందని జూలియస్ వూల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లోనే రాశాడు. టెన్నిస్ ఆటగాళ్ళకి రాకెట్ పట్టుకునే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుంది. అంతరిక్షంలో తేలుతూ ఉండే వ్యోమగాములకి, మంచి వయసులో, ఎంపిక చేసి మరీ పంపిన ఆరోగ్యవంతులకి, తుంటి దగ్గర నెలకి ఒక శాతానికి పైగా ఎముక పోతుంది. రోజూ గంటల కొద్దీ వ్యాయామం చేయిస్తే గానీ అది ఆగదు. ఈత కీళ్ళకి హాయే గానీ నీళ్ళు బరువుని మోసేస్తాయి కాబట్టి ఎముకలకి పెద్దగా ఒరిగేది లేదు. ఈత కొడుతున్నాను కదా, ఇక నడవక్కర్లేదనేవాళ్ళ కోసం ఈ మాట. నెలసరి ఆగిపోయాక మొదటి కొన్నేళ్ళలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడంతో తవ్వకం పూడికని మించిపోతుంది. మా అమ్మని కూర్చోబెట్టింది సరిగ్గా ఆ ఏళ్ళలోనే.

మాత్రల సంగతి కూడా చెప్పాలి. కాల్షియం, విటమిన్ డి తక్కువైతే వేసుకోవాల్సిందే, కానీ ఇటుకలు తెచ్చి పోసినంత మాత్రాన గోడ లేవదు, భారం వేస్తేనే ఎముక వాటిని వాడుకుంటుంది. గుజ్జు పెరుగుతుందని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు అమ్మ చాలాకాలం వాడింది. 2006లో అమెరికాలో 1,583 మంది మోకాలి నొప్పి రోగుల మీద పరీక్షిస్తే మొత్తమ్మీద ఆ మాత్రలు ఉత్త పిండి బిళ్ళల కన్నా మెరుగ్గా పనిచేయలేదు. అయినా మందుల చీటీల్లో వాటిని రాస్తూనే ఉన్నారు. అదే చీటీ మీద "తొడ కండరానికి వ్యాయామం" అని ఒక్క ముక్క రాయడానికి మాత్రం చోటుండదు. అమ్మ ఎముకలకి ఇప్పుడు వారానికొక మాత్ర ఇస్తున్నారు, పొద్దున్నే పరగడుపున ఉత్త మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. అది ఎముక తవ్వకాన్ని నెమ్మదింపజేసే మందు, పనిచేస్తుందని రుజువైన మందు, అలాంటిదాన్ని నేను కాదనను.

మీరు భయపడుతున్న ఆ చప్పుడు గురించి. నొప్పీ, వాపూ లేకుండా ఉత్త చప్పుడొక్కటే అయితే టెన్షన్ పడకండి. మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దం కీలులోని ద్రవంలో గాలి బుడగ వల్ల, ఎముకలు రాసుకోవడం వల్ల కాదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టరు యాభై ఏళ్ళ పాటు రోజూ ఎడమ చేతి మెటికలు మాత్రమే విరిచి, కుడి చెయ్యి ముట్టుకోకుండా వదిలేసి, రెండు చేతుల్లోనూ ఆర్థరైటిస్ లేదని 1998లో రాశాడు. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షే గానీ నాకు సరిపోయింది.

ఇక మీరు చేయాల్సింది. చదునైన నేల మీద నడవండి, ఒకేసారి ఎక్కువ కాకుండా ముక్కలు ముక్కలుగా నడవండి. ఆ తువ్వాలు నొక్కే వ్యాయామం మొదలుపెట్టండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేయండి, మా అమ్మ ఇప్పుడు అదే చేస్తోంది, మళ్ళీ మేడెక్కుతోంది. నడిచేటప్పుడు కాస్త నొప్పి వస్తే ఆగిపోవాల్సిన పనిలేదు. మర్నాడు పొద్దుటికి కూడా ఆ నొప్పి ఎక్కువగానే ఉంటే అప్పుడు కొంచెం తగ్గించండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోయినా, ఉన్నట్టుండి కాలు వదిలేసినట్టయినా, జ్వరం తోడైనా ఇలాంటి జవాబులు చదువుతూ కూర్చోకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు నెలసరి సంగతి కూడా చెప్పండి, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడి ఉంటే అదీ చెప్పండి, మీ అమ్మగారికి గానీ నాన్నగారికి గానీ తుంటి ఎముక విరిగి ఉంటే ఆ మాట అస్సలు మరచిపోవద్దు, డెక్సా ఇప్పుడే చేయించాలా కొన్నాళ్ళు ఆగొచ్చా అనేది వాటిని బట్టే చెబుతారు.