భారతదేశ తీరరేఖ 7,516 నుంచి 11,098 కిలోమీటర్లకు ఎలా పెరిగింది?

ముఖ్యంగా ఇంకా వివరమైన మ్యాపుతో కొలవడం వల్ల పెరిగింది. తీరం ఫ్రాక్టల్ లాంటిది: దూరం నుంచి నున్నగా కనిపించే గీతలో దగ్గరికి వెళ్లేకొద్దీ వంపులు, ఆ వంపుల్లో మళ్లీ వంపులు బయటపడతాయి. 1970ల నాటి లెక్కకు వాడిన మ్యాపులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 45 కిలోమీటర్లు. కొత్తదాంట్లో రెండున్నరే. దాంతో చిన్న చిన్న పాయల అంచులూ లెక్కలోకి వచ్చాయి. గుజరాత్ తీరం 1,214 నుంచి 2,340కి ఎగబాకితే, ఆంధ్రప్రదేశ్‌ది 973 నుంచి 1,053కే చేరింది; కచ్ వైపు వంకరలు ఎక్కువ మరి!

పాత అంకె తప్పని చాలామంది అనుకుంటారు. తప్పేం కాదు, ముతక కొలత అంతే. అలాగని కొలత సన్నబడేకొద్దీ పొడవు అనంతం కూడా అయిపోదు. అది గణితంలోని కోచ్ వక్రరేఖ (వంపుల్లో వంపులు అంతం లేకుండా సాగే ఊహాగీత) లాంటివాటికే చెల్లుతుంది.