మాడ్యులర్ కిచెన్ తర్వాత చూద్దాం, ముందు ఆ చెమ్మ సంగతి చూడండి

పదహారేళ్ల నాటి రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అమ్మాలి, చేతిలో లక్షన్నర ఉంది, దానితో ఏం చేయిస్తే రేటు పెరుగుతుంది, అందరూ మాడ్యులర్ కిచెన్ అంటున్నారు, చేయించనా అని అడిగారు. బాత్‌రూమ్ పక్కన ఉన్న పడగ్గది గోడకు కింద కొంచెం చెమ్మ ఉందని చివర్లో ఓ ముక్క రాశారు. నా జవాబులో ఎక్కువ భాగం ఆ ముక్క గురించే.

విజయవాడలో మా నాన్నగారి ఫ్లాట్‌ని 2023 మార్చిలో అమ్మాం. 2003లో కట్టింది, 1050 అడుగులు, పై అంతస్తు. 44 లక్షలు చెప్తూ 2022 జూన్‌లో అమ్మకానికి పెట్టాం. మాకూ మీలాగే పడగ్గదిలో చెమ్మ ఉంది. ఎవరైనా చూడ్డానికి వచ్చేలోపు కనిపించకుండా చేద్దామని ఆ గదికి మాత్రం హడావుడిగా రంగు వేయించాం. 11 వేలు అయింది. పది రోజులు బాగానే ఉంది. జూలైలో నాలుగు వానలు పడేసరికి రంగు బొబ్బలెక్కింది.

అప్పుడే ఒకాయన భార్యతో కలిసి వచ్చారు. హాలు, వంటిల్లు అన్నీ చూసి నచ్చాయన్నారు. పడగ్గదిలోకి వెళ్లగానే గోడకు అరచెయ్యి ఆనించి, తీసి, వేళ్లు రుద్దుకున్నారు. తెల్లటి ఉప్పు పొడి. అంతే, ఇంక ఏ గదీ చూడలేదు. "41కి ఇస్తారా?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయారు. అంటే ఆ గోడకి ఆయన కట్టిన వెల మూడు లక్షలు. తర్వాత మేం ఆ లీకులన్నీ నిజంగా బాగు చేయిస్తే అయిన ఖర్చు 38 వేలు! చెమ్మ చూసినవాళ్లు రిపేరు ఖర్చు లెక్క వేయరు, లోపల ఇంకా ఏముందో అని భయపడతారు. పైగా కొత్త రంగు కింద చెమ్మ కనిపిస్తే మనం దాచామని వాళ్లకి అర్థమైపోతుంది. ఆ తర్వాత మనం ఏం చెప్పినా నమ్మరు.

ఇప్పుడు మీ గోడ. మన అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ స్లాబ్‌ని చాలాచోట్ల మిగతా గదులకన్నా దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ మధ్య సిమెంటు ఊడినా, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ, దాని కింది గిన్నె) చుట్టూ సందు వచ్చినా, నీళ్లు ఆ గుంటలో నిలబడి మెల్లగా పక్క గోడకి పాకుతాయి. గోడ దాన్ని వత్తిలా పైకి పీలుస్తుంది. అందుకే మరక సాధారణంగా స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) పైన మొదలవుతుంది. కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ కూడా ఓసారి అడిగి చూడండి, మొహమాటపడకండి.

ఎక్కడ కారుతోందో తెలియకుండా మేస్త్రీని పిలవొద్దు. ముందు మీరే చూసుకోండి. నహానీ ట్రాప్‌కి పాలిథిన్ కవరు, గుడ్డ కలిపి గట్టిగా బిరడా పెట్టి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నింపండి. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గోడ టైల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. ఆవిరికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతే పోతాయి. అంతకన్నా బాగా దిగితే లోపం నేలలోనో, ట్రాప్ దగ్గరో ఉన్నట్టు. దిగకపోతే గోడలోపలి నీళ్ల పైపు మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడు ఆ బాత్‌రూమ్ వాల్వ్ కట్టేసి, నాలుగు రోజులు వాడకుండా ఉంచి గోడ ఆరుతోందేమో చూడాలి.

మాది ట్రాప్ దగ్గర. మొదట వచ్చిన ప్లంబర్ మొత్తం పగలగొట్టాలి, 90 వేలు అన్నాడు. రెండో ఆయన పెద్ద వయసు మేస్త్రీ. ట్రాప్ చుట్టూ నాలుగు టైల్స్ మాత్రం తీసి, సందు మూసి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసి, మిగతా టైల్స్ జాయింట్లన్నీ గీకి, సిమెంటు బదులు నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ నింపాడు. మూడు రోజుల పని. ప్రతి ఇంట్లోనూ ఇంతటితో సరిపోదు. గుంటలో పైపే పగిలి ఉంటే పగలగొట్టక తప్పదు. కానీ పరీక్ష చేయకుండా పగలగొట్టించకండి.

లీకు ఆగాక తొందరపడకూడని పని ఇంకొకటి ఉంది. ఉప్పు పట్టిన పాత ప్లాస్టరింగ్ అంతా చెక్కేసి, గోడని అలా బోసిగా ఫ్యాన్ కింద ఆరనివ్వాలి. మేం నెల పైనే వదిలేశాం. ఆరని గోడకి పుట్టీ పెడితే మా 11 వేల కథే మళ్లీ.

మాకు డాబా లీకు కూడా ఉండేది. డాబా అందరిదీ, లీకు మాత్రం మాది అన్నట్టు మాట్లాడారు అసోసియేషన్ వాళ్లు. రెండు నెలలు తిరిగాక సగం ఖర్చు పెట్టుకున్నారు. చూస్తే వాన నీటి గొట్టం మూతిలో ఆకులు, ఎవరిదో పగిలిన తులసి కుండీ పెంకులు. నీళ్లు పోయే దారిలేక పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలలో నిలబడి పగుళ్లలోంచి దిగుతున్నాయి. నేను చెప్పిన 38 వేలల్లో డాబాకి మా సగం కూడా ఉంది.

ఆ తర్వాతే రంగులు. ఇల్లంతా కలిపి 72 వేలు, లేత రంగు ఎమల్షన్, సీలింగ్‌కి తెలుపు. ఒక గోడకి ముదురు రంగు వేయించాలన్న సరదా ఉంటే కొత్త ఇంట్లో తీర్చుకోండి. కొనేవాళ్లకి గది వెలుతురుగా కనిపించాలి, మన అభిరుచి కాదు.

పసుపుపచ్చగా మారిన పాత స్విచ్‌లు, వాటి బోర్డులు అన్నీ మార్పించి, కొత్త ఎమ్‌సీబీలు (కరెంటు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్‌లు) పెట్టించి, ఎల్‌ఈడీ ట్యూబులు వేయిస్తే 16 వేలు అయింది. ఇల్లు పదేళ్లు చిన్నదైనట్టు అనిపించింది, నిజంగా. కుళాయిలకి 9 వేలు, సింహద్వారం పాలిష్‌కి 6,500, మనుషుల్ని పెట్టి కడిగించడానికి 5 వేలు. అన్నీ కలిపితే 1,46,500. మీ బడ్జెట్ కూడా దాదాపు అంతే కాబట్టి ఈ లెక్క రాస్తున్నాను. ఇవి అప్పటి రేట్లు, ఇప్పుడు కొంచెం ఎక్కువే పడుతుంది.

కుళాయిలన్నీ మార్చనక్కర్లేదు. మేం మూడే మార్చాం. బోరు నీళ్ల ఉప్పుకి మూతి దగ్గర జల్లెడ పూడిపోయి నీళ్లు సన్నగా వస్తుంటాయి. దాన్ని విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే చాలు. వచ్చిన ప్రతివాళ్లూ చేసే మొదటి పని కుళాయి తిప్పి చూడటమే.

మీ ఫ్లాట్ ఖాళీగా తాళం వేసి ఉంటే మరో మాట. వాడకపోతే నహానీ ట్రాప్‌లో నిలవ ఉండాల్సిన నీళ్లు ఆవిరైపోతాయి. అప్పుడు డ్రైనేజీ వాసన, బొద్దింకలు రెండూ నేరుగా ఇంట్లోకి వస్తాయి. వారానికి రెండుసార్లు ఒక్కో ట్రాప్‌లో ఓ చెంబుడు నీళ్లు పోయండి. తలుపు తీయగానే కొట్టే ఆ వాసన ఎన్ని బేరాలు పోగొడుతుందో!

మాడ్యులర్ కిచెన్ విషయానికొస్తే, వద్దు. మీ లక్షన్నరా దానికే సరిపోతుంది, లేదా చౌక రకం ప్లైవుడ్ వస్తుంది. కొనేవాళ్లు వచ్చి తమకి కావాల్సినట్టు మళ్లీ మార్చుకుంటారు. మేం ప్లాట్‌ఫామ్ కింద ఉబ్బిపోయిన చెక్క తలుపులు పూర్తిగా పీకేశాం. లోపల నాన్నగారు వేయించిన కడప రాయి అరలు ఉన్నాయి. జిడ్డు వదిలేలా కడిగించి, అలాగే ఖాళీగా ఉంచాం. కొన్నావిడ వంగి ఆ అరలు చూసి "బొద్దింకల్లేవు, బాగుంది" అంది.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు రోజూ ఫాల్స్ సీలింగ్ ఫొటోలు పంపేవాడు. పై అంతస్తు ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్ చూస్తే నాలాంటి మనిషికి వచ్చే మొదటి అనుమానం, దాని వెనక స్లాబ్ కారుతోందేమోనని. వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి నెల పట్టింది.

వాస్తు కోసం గోడలు పడగొట్టకండి. ఈశాన్యం మూల ఉన్న చెప్పుల స్టాండు మాత్రం తీసేశాం, పైసా ఖర్చు లేదు కదా.

రిపేరు కాకపోయినా రేటుని నిలబెట్టేవి కాగితాలు. మా ఇంటి పన్ను 2022 వరకూ బిల్డర్ పేరుమీదే వస్తోంది, నాన్నగారు ఎప్పుడూ పట్టించుకోలేదు. కొనేవాళ్లకి బ్యాంకు లోను. బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), ప్లాను, పన్ను రసీదులు అన్నీ అడిగాడు. ఆ పేరు మార్పుకే ఐదు వారాలు పోయాయి, అడ్వాన్సు వెనక్కి అడుగుతారేమోనని మాకు ఒకటే టెన్షన్. ఇవి ఇవాళే తీసి చూసుకోండి.

బిల్లులు దాచండి. అమ్మినప్పుడు వచ్చిన లాభం మీద కట్టే పన్ను, అంటే క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో, ఇంటికి కొత్తగా చేర్చిన శాశ్వతమైన పనుల ఖర్చుని కొన్న ధరకి కలుపుకోవచ్చు. రంగులు, మామూలు మరమ్మతులు సాధారణంగా అందులోకి రావు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లయితే, ఇండియాలో నివాసం ఉండేవాళ్లకి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కవేయడం) 20 శాతం, అది లేకుండా 12.5 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. మీ ఆడిటర్‌తో రెండూ వేయించి చూడండి.

మాకు చివరికి 45.5 లక్షలు వచ్చింది. మొదటాయన అడిగినదానికన్నా నాలుగున్నర లక్షలు ఎక్కువ. ఆ ఎనిమిది నెలల్లో మా వైపు రేట్లు కూడా కొంత పెరిగాయి కాబట్టి ఇదంతా రిపేర్ల చలవే అనను. కానీ రెండోసారి వచ్చినవాళ్లు కూడా అదే గోడకి చెయ్యి ఆనించి చూశారు. పొడి అంటలేదు, బేరంలో ఆ గోడ మాటే రాలేదు.

బాత్‌రూమ్ పరీక్ష శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం రాత్రికి తేలిపోతుంది. ఆ ఒక్కరోజు స్నానాలు రెండో బాత్‌రూమ్‌లో కానివ్వండి. గీత కన్నా నీళ్లు ఎంత దిగాయో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి మేస్త్రీని ఏం అడగాలో చెప్తాను.