నర్సును కాదు, అమ్మను అడగండి

తిరుపతి నుంచి ఒక కుమారుడు ఇలా రాశారు: "మా అమ్మకు 76 ఏళ్లు. టీచరుగా రిటైరయ్యారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయి మంచం మీదే ఉన్నారు. పగలు చూసుకోవడానికి నర్సును పెట్టాం. 'ఏడుకొండలవాడు తీసుకుపోకపోతే నేనే ఏదో ఒకటి చేసుకుంటాను' అని అమ్మ తనతో అంటున్నారని నర్సు చెప్పింది. నర్సును మార్చాలా, ఆశ్రమంలో చేర్చాలా?"

ఆ రెండు ప్రశ్నలనూ పక్కన పెడుతున్నాను. కన్నకొడుకుతో చెప్పుకోలేని మాటను మీ అమ్మగారు నర్సుతో చెప్పుకున్నారంటే ఆ ఇంట్లో ఆవిడకు మిగిలిన ఆసరా ఆ అమ్మాయే కాబట్టి, ఆమెను మార్చకండి. నన్ను కలచివేసిన వాక్యం మీ ఉత్తరంలోనే మరొకటి ఉంది. "ఆఫీసుకు వెళ్లేముందు అమ్మ ఎలా ఉందో రోజూ నర్సును అడుగుతాను" అన్నారు. పక్క గదిలో తెలివితో ఉన్న తల్లి క్షేమాన్ని మరొకరిని అడిగి తెలుసుకోవడం ఏమిటి? చంద్రగిరి ఇల్లు ఆవిడతో చెప్పకుండా అమ్మిన సంగతినీ, పింఛను ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉన్న సంగతినీ మామూలు విషయాల్లాగే రాశారు. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పి, తన జీతంతో మిమ్మల్ని చదివించిన మనిషికి, తన ఇంటి విషయంలోనూ తన డబ్బు విషయంలోనూ మాట చెల్లకపోవడం కాలూచేయీ పడిపోవడం కంటే పెద్ద దెబ్బ. జీతమిచ్చి మనిషిని పెట్టినంత మాత్రాన కొడుకు బాధ్యత తీరిపోతుందని నేను ఒప్పుకోను.

అలాగని ఇది అలక మాత్రమే అనుకోకండి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. అది ముసలితనపు నిట్టూర్పు కాదు, చికిత్సకు లొంగే జబ్బు. రేపే పక్షవాతానికి మందులిస్తున్న డాక్టరుకు ఈ మాట చెప్పండి, రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులను సంప్రదించండి. ఈ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే ఆలోచించకుండా 108కి చేయండి. మందులన్నీ తాళంలో పెట్టి, వేళకు నర్సు లేదా మీరు ఇవ్వండి. రాత్రిళ్లు ఆవిడ గదిలో మీరే పడుకోండి.

ఇవాళ మంచం పక్కన కూర్చుని, "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయానికి ఆధారం లేదు. "అలాంటి మాటలు అనకూడదు" అని అడ్డుపడకుండా, కోపంగా మాట్లాడినా, ఏడ్చినా, మాట తడబడి ఆలస్యమైనా, చెప్పేదంతా విని, ఆ తర్వాత ఇల్లు అమ్మిన డబ్బు లెక్క ఆవిడ ముందు పెట్టండి. పింఛను ఎలా ఖర్చు చేయాలో ఆవిడనే అడిగి చేయండి.

ఆశ్రమం సంగతి, ఆవిడ కోలుకున్నాక తనంతట తానే కోరితే, అప్పుడు చూడవచ్చు.