యమగతా కొండ మెట్లు

ప్రశ్న: టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాను. ఆగస్టులో అమ్మానాన్న వస్తున్నారు. పల్లె వైపు పండగ, కొండ నడక రెండూ చూపించాలని ఉంది. ఎక్కడికి తీసుకెళ్లమంటారు?

జవాబు: ఈశాన్య జపాన్‌లోని యమగతాకే వెళ్లండమ్మా, నాకు ప్రాణం ఆ ప్రాంతం. ఆగస్టు 5 నుంచి 7 దాకా యమగతా నగరంలో హనగాసా పండగ. ఎర్రపూల టోపీలు గిరగిరా తిప్పుతూ వీధి పొడవునా ఆడతారు. తర్వాత హగురో కొండ. ఎత్తు 414 మీటర్లే గానీ రాతి మెట్లు 2,446! మోకాళ్ల గురించి టెన్షన్ వద్దు. కింద, పెద్ద చెట్ల మధ్య రంగుల్లేని ఐదంతస్తుల చెక్క గోపురం ఉంటుంది. అక్కడిదాకా మెల్లగా నడిపించి, వెనక్కొచ్చి బస్సులో పైకెళ్లండి. మీరు మాత్రం మెట్లే ఎక్కండి. సగం దారిలో టీ కొట్టు ఉంది, మోచీ (జిగురు బియ్యపు ముద్ద) తిని కదలండి. యుదోనో పుణ్యక్షేత్రానికీ వెళితే అక్కడ చెప్పులు విప్పాలి, ఫొటోలు తీయకూడదు. నాన్నగారికి ముందే చెప్పండి.