మైక్రోకెర్నెల్ ఎంచుకుంటే భద్రత దానంతటదే వస్తుందా?

మైక్రోకెర్నెల్ అంత సురక్షితమైతే లినక్స్ ఇంకా మోనోలిథిక్‌గానే ఎందుకు ఉంది, భద్రత ముఖ్యమైన పరికరానికి దేన్ని ఎంచుకోవాలి అని అడిగారు. కెర్నెల్ అంటే మెమరీనీ హార్డ్‌వేర్‌నూ నడిపే, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం. డ్రైవర్లు (ఒక్కో హార్డ్‌వేర్ భాగాన్ని నడిపే కోడ్), ఫైల్ సిస్టమ్ లాంటివన్నీ అందులోనే ఉంటే అది మోనోలిథిక్; వాటిని వేరే ప్రాసెస్‌లుగా బయటికి పంపితే మైక్రోకెర్నెల్. ఎంబెడెడ్ పరికరాలకు డ్రైవర్లు రాయడం నా వృత్తి. రెండు రకాల కెర్నెళ్ల మీదా పనిచేశాను. ఏ రకం అన్నదానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉందని నా అభిప్రాయం: ఒక డ్రైవర్ చెడిపోతే దాని చేయి ఎంతవరకు చాస్తుంది?

మోనోలిథిక్ కెర్నెల్‌లో అన్నిచోట్లకూ చాస్తుంది. ఒకసారి మా లినక్స్ పరికరంలో ఫైల్ సిస్టమ్ ఉండుండి పాడవుతూ వచ్చింది. లాగ్‌లన్నీ దాన్నే తప్పుపట్టాయి. ఫ్లాష్ చిప్ మార్చాం, ఫైల్ సిస్టమ్‌నే మార్చాం, ఫలితం లేదు. చివరికి కసాన్ అనే మెమరీ తనిఖీ సాధనంతో కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేస్తే అసలు దొంగ దొరికాడు. అది బయటి సరఫరాదారు ఇచ్చిన కెమెరా డ్రైవర్. తాను వాడుకుని విడుదల చేసిన మెమరీ ముక్కలోకి (బఫర్) ఆ తర్వాత కూడా రాస్తోంది. ఆలోగా కెర్నెల్ ఆ చోటును ఫైల్ సిస్టమ్‌కు ఇచ్చేసింది. కెమెరాకూ ఫైళ్లకూ ఉన్న సంబంధమల్లా రెండూ ఒకే అడ్రస్ స్పేస్‌లో, అంటే ఒకే మెమరీ పరిధిలో, బతకడమే. మా దగ్గర అది కాకతాళీయంగా జరిగింది. దాడి చేసేవాడు మాత్రం సరిగ్గా ఆ ఖాళీలోకి తన ప్రాసెస్ అనుమతుల వివరాలు వచ్చేలా చూసి, యూజర్ ఐడీని సున్నా చేసి రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్, అయిపోతాడు. 2020 నాటికే లినక్స్ సోర్స్ 2.7 కోట్ల లైన్లు దాటింది, అందులో సగానికి పైగా డ్రైవర్లే. మీ పరికరంలో నడిచేది అందులో కొంత భాగమే అయినా, నడిచే ప్రతి లైనుకూ పూర్తి అధికారం ఉంటుంది.

మరి ఎందుకు మారలేదు? 1992లో ఆపరేటింగ్ సిస్టమ్‌ల ప్రొఫెసర్ టానెన్‌బామ్ మోనోలిథిక్ డిజైన్ కాలం చెల్లినదని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌తో వాదించారు. అప్పటి మైక్రోకెర్నెళ్లలో, ముఖ్యంగా మాక్ (Mach) అనేదానిలో, ప్రాసెస్‌ల మధ్య సందేశాలు పంపడం చాలా ఖరీదైన పని. అదే దశాబ్దంలో యోఖెన్ లీట్కె అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తన ఎల్4 మైక్రోకెర్నెల్‌తో ఆ ఖర్చును బాగా తగ్గించి చూపించారు. కాబట్టి వేగం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. లినక్స్‌లో ఉన్నన్ని హార్డ్‌వేర్‌లకు డ్రైవర్లు ఏ మైక్రోకెర్నెల్‌లోనూ లేవు. అసలు కారణం అదే.

ఇక పుస్తకాలు తొందరగా దాటేసే విషయానికి వస్తాను. తర్వాత నేను పనిచేసిన మైక్రోకెర్నెల్ వ్యవస్థలో నెట్‌వర్క్ డ్రైవర్ ఒక మామూలు ప్రాసెస్. అది కూలితే పర్యవేక్షక ప్రాసెస్ క్షణాల్లో మళ్లీ లేపేది. చూడముచ్చటగా ఉండేది. అయితే అలా లేపిన కొంతసేపటికి, దానితో ఏ సంబంధమూ లేని వేరే ప్రాసెస్‌ల మెమరీ చెడిపోయేది. డ్రైవర్ చచ్చిపోయింది గానీ నెట్‌వర్క్ చిప్ ఆగలేదు! పాత డ్రైవర్ చెప్పిన ఫిజికల్ అడ్రస్‌లకే వచ్చిన ప్యాకెట్లను డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా మెమరీలోకి, రాస్తూ పోయింది. ఏ ప్రాసెస్ ఏ మెమరీని తాకవచ్చో చూసే ఎంఎంయూ కాపలా కాసేది ప్రాసెసర్ చేసే రాతలకు మాత్రమే, పరికరం నేరుగా చేసే రాతలు దాని కంటపడవు. కసాన్ లాంటి సాధనాలకూ అవి కనిపించవు. ఆ చిప్‌లో పరికరాలకు కాపలా కాసే ఐఓఎంఎంయూ ఉంది, కానీ బోర్డు సెట్టింగులలో దాన్ని ఆపి ఉంచారు. ఆన్ చేయగానే అదే లోపం ఫలానా పరికరం, ఫలానా అడ్రస్ అని లాగ్‌లో పట్టుబడింది.

ఎల్4 కుటుంబానికి చెందిన ఎస్ఈఎల్4 మైక్రోకెర్నెల్‌ను తీసుకోండి. దాదాపు 8,700 లైన్ల సీ కోడ్ నిర్దేశించినట్టే నడుస్తుందని 2009లో గణితపరంగా నిరూపించారు. నాకు ఆ పని మీద ఎంతో గౌరవం. ఆ నిరూపణకు పెట్టుకున్న షరతులలో ఒకటి, డీఎంఏ ఆపి ఉండాలి లేదా దాన్ని వాడే డ్రైవర్లు నమ్మదగినవై ఉండాలి. అంటే నమ్మకూడదనుకుని బయటికి పంపిన డ్రైవర్‌నే, ఐఓఎంఎంయూ లేకపోతే మళ్లీ నమ్మవలసి వస్తుంది.

ఇలా కెర్నెల్‌ను వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టినా అందని లోపాలు వేరే ఉన్నాయి. 2007లో లినక్స్‌లోకి చేరి 2016లో బయటపడిన డర్టీ కౌ లోపం మెమరీ నిర్వహణలోనిది. ఆ పనిని కెర్నెల్ బయటి వేరే ప్రాసెస్‌కు అప్పగించినా అందరూ దాన్నే నమ్మాలి కాబట్టి నష్టం పెద్దగా తగ్గేది కాదు.

మీ పరికరానికి పని తక్కువ, హార్డ్‌వేర్ కొద్దిపాటిది అయితే మైక్రోకెర్నెల్ వైపే వెళ్లమంటాను. వైఫై, గ్రాఫిక్స్, రకరకాల కెమెరాలు కావాలంటే లినక్స్ తప్పదు. అప్పుడు అక్కర్లేని మాడ్యూళ్లన్నీ తీసేయండి, వీలైన డ్రైవర్లను లినక్స్‌లోని వీఎఫ్ఐఓ సదుపాయం ద్వారా యూజర్ స్పేస్‌కు, అంటే కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రాములు నడిచే చోటుకు, మార్చండి. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి రస్ట్ భాష అడుగుపెట్టింది. మా కెమెరా డ్రైవర్ లాంటి తప్పును రస్ట్ కంపైలర్ సాధారణంగా మొదట్లోనే తిరస్కరిస్తుంది. పరికరం డీఎంఏతో ఎక్కడ రాస్తుందో మాత్రం దానికీ తెలియదు.

అందుకే కెర్నెల్ ఎంచుకునే ముందే బోర్డు తయారీదారును ఒకటి అడగండి: డీఎంఏ చేయగల ప్రతి పరికరమూ ఐఓఎంఎంయూ వెనుకే ఉందా, లేక కొన్నే ఉన్నాయా? చాలా చిన్న చిప్‌లలో అసలు అదే ఉండదు. అలాంటప్పుడు డ్రైవర్‌ను మళ్లీ లేపే ముందు పరికరాన్ని పూర్తిగా రీసెట్ చేసి, దాని డీఎంఏ నిజంగా ఆగిందని నిర్ధారించుకున్నాకే ఆ మెమరీని వేరొకరికి ఇచ్చేలా మీ పర్యవేక్షక ప్రాసెస్‌ను రాయండి.