తక్కువ రేటు చెప్పిన ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ని నమ్మొచ్చా?

మీరు అడిగింది ఇదీ: వేరే ఊరికి ఇల్లు మారుతున్నారు, ముగ్గురిని కనుక్కుంటే ఒకాయన మిగతా ఇద్దరూ చెప్పినదాంట్లో సగానికే వస్తానన్నాడు, మనిషి మర్యాదగా కూడా మాట్లాడాడు, ఇచ్చేయమంటారా అని.

ముందు ఒక్కటి చెప్పండి. ఆయన మీ సామాను చూశాడా? చూడకుండా ఫోన్‌లోనే "రెండు బెడ్‌రూములేగా" అని రేటు చెప్పేసి ఉంటే అది రేటు కాదండీ, మిమ్మల్ని ఒప్పించడానికి చెప్పిన అంకె. అసలు రేటు సామాను లారీ ఎక్కాక చెబుతారు.

ఉద్యోగాల పుణ్యమా అని మేము ఇళ్ళు మారడం ఎక్కువే కాబట్టి ఇది కూడా చూశాం. సామానంతా ఎక్కించుకుని బయల్దేరాక దారిలోంచి ఫోన్: "సార్, మీరు చెప్పినదానికంటే సామాను చాలా ఎక్కువుంది, ఇంకొంత వేస్తేగానీ బండి కదలదు." మంచాలు, పరుపులు, వంటసామాను, పిల్లల పుస్తకాలు అన్నీ వాళ్ళ చేతిలో ఉన్నాయి. అప్పుడు మనం గట్టిగా మాట్లాడగలమా? మమ్మల్ని కాపాడింది ఒక కాగితం. లోడింగ్‌కి ముందు ప్రతి వస్తువూ రాసిన లిస్టు, దాని కింద మొత్తం ఖర్చు, దాని మీద వాళ్ళ సూపర్‌వైజర్ సంతకం. దాన్ని ఫోటో తీసి పంపితే కాసేపు సణిగి బండి కదిలించారు.

అందుకే నేను మనిషి మాటతీరు చూడను, రేటు కూడా మొదట చూడను. సామాను ఎలా చూస్తున్నాడు, చూసింది కాగితం మీద ఎంతవరకు పెడుతున్నాడు, ఈ రెండే చూస్తాను.

ఇప్పుడు మేము పిలిచే ఆయన మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు. నేరుగా అటక కేసి చూశాడు. మంచం కింద వంగి చూశాడు. బాల్కనీలో కుండీలు కూడా వస్తాయా అని అడిగాడు. బీరువా వెనక చెయ్యి పోనిచ్చి, "దీన్ని విప్పితేనే వస్తుంది, బిగించడం కూడా మేమే చేస్తాం, అది కొటేషన్‌లో రాస్తాను" అన్నాడు. వెళ్తూ వెళ్తూ లిఫ్ట్ తలుపు వెడల్పు టేపు పెట్టి కొలిచాడు. కొత్త ఇల్లు ఎన్నో అంతస్తు, అక్కడ లిఫ్ట్‌లో సామాను ఎక్కించనిస్తారా, లారీ గేటు దాకా వస్తుందా లేక సందు మొదట్లో ఆపి చిన్న బండిలోకి మార్చాలా అని అడిగాడు. దించే రోజు గొడవలన్నీ సాధారణంగా ఈ ప్రశ్నల దగ్గరే పుడతాయి. ముందే అడిగినవాడు అక్కడ కొత్త చార్జీ పెట్టలేడు.

ఇంటికి రావడం కుదరదంటే వీడియో కాల్‌లోనైనా మూలమూలా చూపించండి. అదీ వద్దన్నవాణ్ణి వదిలేయండి.

రేటు సగానికి సగం తక్కువ ఉండటానికి సరైన కారణం కూడా ఉండొచ్చు, అది చెప్పకపోతే అన్యాయం. మీ సామానుని ఇంకొకరి సామానుతో కలిపి ఒకే లారీలో పంపుతుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. తప్పేం లేదు. కాకపోతే లారీ నిండేదాకా బయల్దేరదు, కాబట్టి చేరే తేదీ అటూ ఇటూ అవుతుంది. దారిలో గోడౌన్‌లో దించి వేరే బండి ఎక్కించవచ్చు, ఎన్నిసార్లు చేతులు మారితే అన్నిసార్లు దెబ్బ తగిలే అవకాశం. మీకు తొందర లేకపోతే, పెట్టెల మీద పేరూ నంబరూ సరిగ్గా రాసి పంపితే పర్వాలేదు. "ఇదే బండి చివరిదాకా వస్తుందా?" అని సూటిగా అడగండి, జవాబుని కొటేషన్‌లో రాయించండి.

ఇంకో సంగతి. మీతో ఫోన్‌లో మాట్లాడినవాళ్ళే సామాను మోస్తారని అనుకోకండి. కొందరు కేవలం మధ్యవర్తులు. బుకింగ్ తీసుకుని, అడ్వాన్స్ తీసుకుని, పని ఇంకెవరికో అప్పగిస్తారు. ఏదైనా విరిగితే ఇతను అతన్ని చూపిస్తాడు, అతను ఇతన్ని చూపిస్తాడు. పేరున్న కంపెనీల పేరుకి ఒక అక్షరం మార్చి పెట్టుకునేవాళ్ళూ ఉంటారు. దీనికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఏంటంటే, కొటేషన్ మీద పేరు, రసీదు మీద పేరు, డబ్బు వెయ్యమన్న బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటేనా చూడటం. ఖాతా ఎవరో వ్యక్తి పేరు మీద ఉంటే అక్కడే ఆగిపోండి. వీలైతే ఆఫీసుకో గోడౌన్‌కో ఒకసారి వెళ్ళి రండి. మొత్తం డబ్బు ముందే అడిగేవాడి దగ్గరికి వెళ్ళే పనే లేదు.

రివ్యూల్లో ఐదు నక్షత్రాలవి నేను చదవను. రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళే జరిగింది జరిగినట్టు రాస్తారు.

ఇక ఇన్సూరెన్స్. "అన్నీ కవర్ అవుతాయి సార్" అనే మాట ప్రతివాడూ అంటాడు. అది నిజంగా ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే పాలసీయా, లేక "ఏదైనా అయితే మేం చూసుకుంటాం" అనే నోటిమాటా? పాలసీ అయితే కాపీ అడగండి. లారీకి ప్రమాదం జరిగితేనే ఇస్తారా, ఒక్క టీవీ పగిలినా ఇస్తారా చూడండి. మీరు సొంతంగా సర్దిన పెట్టెల్లో పగిలినవాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు. నగలు, నగదు, సర్టిఫికెట్లు మాత్రం పాలసీలో ఏం రాసి ఉన్నా మీ సంచీలోనే ఉండాలి.

లోడింగ్ రోజు లిస్టులో వస్తువు పక్కన దాని పరిస్థితి రాసే గడి ఒకటి ఉంటుంది. అక్కడ హడావుడిలో అన్నిటికీ "పాతది, గీతలున్నాయి" అని రాసేస్తుంటారు. కొత్త డైనింగ్ టేబుల్ పక్కన కూడా! చదవకుండా సంతకం పెడితే రేపు గీత పడిందని అడగడం కష్టమవుతుంది. తప్పు రాస్తే అక్కడే కొట్టేయించి, ఆ వస్తువుని నాలుగు పక్కలా ఫోటో తీసుకోండి. బండి నంబరు, డ్రైవర్ ఫోన్ నంబరు కూడా అప్పుడే రాసుకోండి.

దించేటప్పుడు ఇంట్లో ఒకరు లిస్టు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే చాలు, పెట్టెలు లెక్క తేలిపోతాయి. విరిగినదేదైనా ఉంటే డెలివరీ కాగితం మీద రాశాకే సంతకం పెట్టండి, తర్వాత ఫోన్ చేసి చెబుదాం అనుకుంటే క్లెయిమ్ నిలబడటం కష్టం.

ముందు తలుపుండే వాషింగ్ మెషీన్ అయితే, కొన్నప్పుడు డ్రమ్ము కదలకుండా వెనక బిగించి వచ్చిన బోల్టులు వెతికి పెట్టుకోండి. అవి లేకుండా పంపితే లోపల దెబ్బతినొచ్చు, పైకి ఏమీ కనిపించదు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోవడమూ కష్టం. ఫ్రిజ్‌ని నిలువుగానే తెచ్చారో లేదో డ్రైవర్‌ని అడగండి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి.