పైథాన్ 3.12కి మారాక పాత ప్యాకేజీలు పడిపోతున్నాయి, సెటప్‌టూల్స్ (ప్యాకేజీలు బిల్డ్ చేసే టూల్) వేసుకుంటే సరిపోతుందా?

ఎర్రర్ పోతుంది, జబ్బు పోదు.

మీకొచ్చింది "నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్" అనే కదా? డిస్ట్‌యుటిల్స్ అంటే పైథాన్‌తో పాటే వచ్చిన పాత ప్యాకేజింగ్ మాడ్యూల్. దాన్ని తీసేస్తామని 2021లో, 3.10 నుంచే చెబుతూ వచ్చారు. 2023 అక్టోబర్‌లో 3.12 వచ్చినప్పుడు తీసేశారు. ఆ రెండేళ్ళూ టెస్టులు నడిపినప్పుడల్లా కింద పసుపు రంగులో వార్నింగ్ వస్తూనే ఉంది. చదివిందెవరు? మేమూ చదవలేదు.

మా పాత ఆఫీసులో ఈ మార్పు నా నెత్తిన పడింది. నా ల్యాప్‌టాప్‌లో అన్నీ బిల్డ్ అయ్యాయి, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఖాళీ డాకర్ ఇమేజ్‌లో పెట్టాం. సర్వీస్ లేచింది, పది నిమిషాలు బాగానే నడిచి ఢామ్మని పడిపోయింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

చూస్తే ఒక ఫంక్షన్ లోపల ఇంపోర్ట్ ఉంది. సెట్టింగ్స్‌లో "నో" అని రాసినదాన్ని సున్నాగా మార్చడానికి ఎవరో డిస్ట్‌యుటిల్స్‌లోని స్ట్ర్‌టుబూల్ వాడారు. ఆ ఫంక్షన్ పిలిచేదాకా తప్పు బయటపడదు. మరి నా దగ్గర ఎలా నడిచింది? సెటప్‌టూల్స్ తన కడుపులో డిస్ట్‌యుటిల్స్ కాపీ ఒకటి మోస్తుంది. ఇంకేదో టూల్ కోసం అది నా మెషీన్‌లో ముందే ఉంది. 3.12 నుంచి కొత్త వెన్వ్‌లో (ప్రాజెక్టుకి విడిగా చేసుకునే పైథాన్ వాతావరణం) సెటప్‌టూల్స్ దానంతటది రాదు.

"రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో సెటప్‌టూల్స్ అని ఒక్క లైను పెట్టేసి పడుకుందాం అన్నా" అన్నాడు మా కుర్రాడు. నేను ఒప్పుకోలేదు. పది లైన్ల ఫంక్షన్ కోసం బిల్డ్ టూల్‌ని ప్రొడక్షన్‌లోకి లాక్కురావడమేంటి? మనమే రాసుకున్నాం. వై, యెస్, టీ, ట్రూ, ఆన్, 1 అన్నీ 1 కిందే లెక్క అని గుర్తుంటే చాలు.

అసలు ఏడిపించింది లూస్‌వెర్షన్, అంటే వెర్షన్ నంబర్లు పోల్చడానికి డిస్ట్‌యుటిల్స్‌లో ఉన్న క్లాస్. దాని బదులు ప్యాకేజింగ్ లైబ్రరీలోని వెర్షన్ పెట్టగానే, వెండర్ ఇచ్చిన "2.4-హైద్" చూసి చెల్లదు పొమ్మంది. పాతది ఏది ఇచ్చినా మింగేది, కానీ దాన్ని 2.4.1తో పోల్చమంటే అంకెనీ అక్షరాన్నీ పోల్చలేక అదీ పడిపోయేదే. ఆ పోలిక ఎప్పుడూ రాకపోవడం వల్ల ఇన్నాళ్ళూ బతికిపోయాం. వెర్షన్ నంబర్లో ఊరి పేరు పెట్టేవాళ్ళకి ఏ శిక్ష వేసినా తక్కువే.

కాబట్టి మీరు చేయాల్సింది: వీల్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉండే ప్యాకేజీ ఫైల్) బిల్డ్ చేయండి, కొత్త వెన్వ్‌లో అదొక్కటే ఇన్‌స్టాల్ చేయండి, టెస్టులు వేరే ఫోల్డర్‌లోకి తెచ్చుకుని అక్కడ నడపండి. సోర్స్ ఫోల్డర్‌లోనే ఉంటే పైథాన్ పక్కనున్న ఫైళ్ళనే ఎత్తుకుంటుంది, మీ ప్యాకేజీని ముట్టుకోదు. డెబియన్ లినక్స్‌లో ఆటోపీకేజీటెస్ట్ అనే టూల్ చేసేది కూడా ఇదే, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని పరీక్షించడం. ఇంకా పాత 3.11 మీదే ఉన్నవి ఉంటే, వార్నింగ్‌లను ఎర్రర్లుగా మార్చే మైనస్ డబ్ల్యూ ఎర్రర్ (-W error) ఆప్షన్‌తో ఓసారి నడపండి. ఏవి పడతాయో ముందే తెలుస్తుంది.

అన్నట్టు, కోడ్‌లో "ఇంప్" (ఇంపోర్ట్ పనులకు వాడే పాత) మాడ్యూల్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. అదీ 3.12లోనే పోయింది.